జడ్జికి పంపిన నీళ్లు

మా అత్త మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇంకాసేపట్లో నేను ఆమెను తిట్టబోతున్నాను, వింటున్నవాళ్లు నన్ను గయ్యాళి కోడలు అనుకుంటారు. అనుకుంటే అనుకోండి. నేను గయ్యాళినే. కాకపోయుంటే మా నీళ్ల సంగతి కోర్టు గడప దాకా కూడా పోయేది కాదు.

నా పేరు ప్రసన్నకుమారి. పత్తికొండ మార్కెట్టుకు టమాటా బండ్లు పోయే రోడ్డు పక్కన మా పాళెం. తాతల కాలం నుంచి పాళెమంతా క్రైస్తవులమే. మధ్యలో రాతి చర్చి, చర్చి ఆవరణలో బోరు, బోరుకు ఆనుకొని నేను పనిచేసే అంగన్‌వాడీ. ఈ చుట్టుపక్కల ఎక్కడ బోరు వేసినా ఉప్పు నీళ్లో, పళ్లకు గార పట్టించే నీళ్లో పడతాయి. మా చర్చి బోరు ఒక్కటే తీపి నీళ్లు. ఊళ్లో పెద్దింటి ఆడవాళ్లు కూడా పప్పు మెత్తగా ఉడకాలంటే ఆ నీళ్లే కావాలని బిందెలు పంపేవాళ్లు. కాకపోతే పట్టుకునేది వాళ్ల పనిమనిషే. మా చెయ్యి తగలకూడదు కదా, తగిలితే పప్పు ఉడకదు మరి.

ఆ నీళ్లకు పోయిన ఎండాకాలంలో వాసన మొదలైంది. ముందు కనిపెట్టింది పిల్లలు. అన్నం వడ్డించానో లేదో, "టీచరా, అన్నం మోటారుసైకిలు వాసన వస్తాండాది" అని ఒక పిల్ల కంచం పక్కకు నెట్టింది. తిండికి వంకలు పెడుతోందని కసురుకున్నాను. తర్వాత నా నోట్లో ముద్ద పెట్టుకుంటే గొంతు దిగలేదు. పాళెంలో తలా ఒక మాట అన్నారు. మోటారులో గ్రీజు కారుతోందన్నారు. గిట్టనివాడు ఎవడో కిరసనాయిలు పోశాడన్నారు. పాస్టరుగారు ఉపవాస ప్రార్థన పెట్టించారు. మోటారు పైకి తీయించి, కడిగించి, మళ్లీ దించాం. వాసన తగ్గకపోగా, బిందెలో నీళ్లు కాసేపు కదలకుండా ఉంటే పైన రంగురంగుల పొర కట్టడం మొదలైంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మా నిజం నిలకడ మీద పైకి తేలింది.

అప్పుడు నేను రోడ్డు వైపు చూశాను. రోడ్డు అవతల, వానకు మాత్రమే పారే చిన్న వంక దాటాక, కొంచెం ఎత్తులో, ఓబుళేశు పెట్రోలు బంకు ఉంది.

అది వాళ్ల నాయన పెట్టిన బంకు. నేను ఈ పాళేనికి కోడలిగా రాకముందే ఆ ఇనప ట్యాంకుల్ని నేలలో పూడ్చారు. మాది చౌడు నేల. గునపం మరిచిపోయి వస్తే వానాకాలం దాటేసరికి సగం తుప్పు తినేసి ఉంటుంది. అలాంటి నేలలో ఇన్నేళ్లుగా ఉన్న ట్యాంకు చిల్లు పడకుండా ఉంటుందా? నేను పోయి అదే అడిగితే ఓబుళేశు కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. కేకలు వేసుంటే నాకే సుఖంగా ఉండేది.

"టీచరమ్మా, నా ట్యాంకు కారుతాంటే ముందు నా బోరు గదా చెడల్ల? ఈ బంకు బోరు నీళ్లే నేను తాగుతాండా. ఇంద, నువ్వూ తాగు," అని గ్లాసు నింపి నా ముందే గటగటా తాగాడు. నేనూ తాగాను. ఉప్పగా ఉన్నాయి, అంతే. వాసన లేదు.

"చూసినావా? నా బంకు యాడ, మీ పాళెం యాడ. నడుమ వంక ఉండాది. పెట్రోలు వంక దాటి మీ చర్చిని ఎతుక్కుంటా వస్తాదా?" అన్నాడు. పంపు దగ్గరున్నవాళ్లు నవ్వారు. గ్లాసు కింద పెట్టాను. లేచి వచ్చేశాను.

ఆ తర్వాత నేను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఒకరు నీళ్లు మా శాఖ కాదు పొమ్మన్నారు, ఒకరు పెట్రోలు మా పరిధి కాదు పొమ్మన్నారు. చివరికి పట్నంలో ఒక లాయరమ్మ జాలిపడి కోర్టులో పిటిషన్ వేసింది. నేలను, నీళ్లను పరీక్ష చేయించి చెప్పమని కోర్టు ఆర్డరిచ్చింది. ఆ ఆర్డరు పట్టుకొని యామిని మేడం వచ్చింది.

యామిని కడప పిల్ల. భూగర్భ జలాల మీద చదువుకొని, ఆ ఉద్యోగమే చేస్తోంది. జీపు దిగుతూనే చెప్పులు విడిచి చర్చి ముందు నేల మీద బొక్కబోర్లా పడుకొని వాసన చూసింది. మా ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ పిల్ల మీద గురి కుదిరింది. వచ్చిన అధికారుల్లో నేలను ముట్టుకున్నది ఆమె ఒక్కతే.

పొడవాటి ఇనప బరమాను నేలలో దించి తిప్పుతూ, బంకు గోడ నుంచి చర్చి దాకా రంధ్రాలు వేయించింది. పైన నల్లరేగడి మట్టి వచ్చింది, దానికి ఏమీ లేదు. కింద తెల్ల సుద్ద వచ్చింది. ఆ సుద్దను ప్లాస్టిక్ సంచిలో సగానికి పోసి, మూతి బిగించి, ఎండలో కాసేపు ఉంచి, సంచిలోకి ఒక సన్న గొట్టం గుచ్చింది. గొట్టం చివర ఉన్న మీటరు కీచుమంది. నన్ను పిలిచి సంచి విప్పి ముక్కు దగ్గర పెట్టింది. నాకు కళ్లు తిరిగాయి. బంకు ముందు నిలబడినా అంత వాసన రాదు.

"అక్కా, నేల కింద నీళ్లు పళ్లెంలో నీళ్లలాగా సమానంగా ఉండవు. కింద బండ ఉండాది, బండకు పగుళ్లుండాయి. పగులు యాడికి పోతే పెట్రోలు ఆడికి పోతాది. ఆయన బోరు ఒక పగులు మీద పడింది, మీ బోరు ఇంకొక పగులు మీద పడింది. వంక కిందుగానే వచ్చింది ఇది," అంది యామిని.

ఆ రోజు నేను ఏడ్చాను. పిచ్చిదాన్ని కాదని ఒక చదువుకున్న మనిషి చెబితే ఎంత బాగుంటుందో, పిచ్చిదని అనిపించుకున్నవాళ్లకే తెలుస్తుంది.

కానీ మట్టి ఒక్కటే చాలదంది యామిని. బంకు పక్కన మట్టిలో ఆయిలు ఉంటుంది, అందులో వింతేముందని అవతలి లాయరు కొట్టేస్తాడంది. ఇక తేల్చేది బోరు నీళ్లే. ల్యాబువాళ్లు ఒక రోజు వచ్చి, రెండు పక్షాల ముందూ సీసాల్లో నీళ్లు పట్టి, సీలు వేసి తీసుకుపోతారు. అందులో పెట్రోలు ఉందని తేలితే ట్యాంకులు పైకి తీయాలి, మాకు వేరే నీళ్లు చూపించాలి. లేదని తేలితే పిటిషన్ కొట్టేస్తారు. అంతదాకా పంచాయతీ ట్యాంకరు పంపాలని కూడా ఆమే రాసింది. ట్యాంకరు రావడం మొదలైంది. అంటే మా పాళెం పిల్లాపాపల బతుకు మొత్తం రెండు సీసాల నీళ్ల మీద నిలబడింది.

"ఒకటే జాగ్రత్త అక్కా. పెట్రోలులో ఉండే విషం, గాలి తగిలితే ఎగిరిపోతాది. పైపు నుంచి నేరుగా సీసాలోకి పట్టల్ల. అంచుదాకా నింపి, బుడగ కూడా లేకుండా మూత పెట్టల్ల. మీరు దగ్గరుండి చూసుకోండి," అని యామిని నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

పోయేముందు మా అత్త ఆమెకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇక్కడ మా అత్త నీళ్ల గురించి చెప్పాలి. ఆమె పేరు విశ్వాసమ్మ. సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఒకప్పుడు మిషన్ దొరసానులు వస్తే నీళ్లు, గదులు చూసింది వాళ్లమ్మ. బిషపుగారు వచ్చినా, పెళ్లివారు వచ్చినా, వాళ్ల కోసం చింతపండుతో తోమిన ఇత్తడి బిందెల్లో మంచినీళ్లు పెట్టడం ఆ ఇంటి ఆడవాళ్ల వంతు. బోరుకు వాసన పట్టినప్పటి నుంచి మా అత్త ఆ నీళ్లతో యుద్ధమే చేసింది. వెడల్పు బేసిన్లలో పోసి ఎండలో పెట్టేది. పైన తేలిన పొరను పాత చీర అంచుతో అద్ది తీసేది. ఎత్తు నుంచి ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి చేతులు పడిపోయేదాకా పోసేది. మడ్డి అడుక్కు దిగాలని ఇండుపుగింజ అరగదీసి కలిపేది, పలచటి గుడ్డతో వడకట్టేది. మర్నాటికి ఆ నీళ్లకు వాసన దాదాపు ఉండేది కాదు. ట్యాంకరు రానంతకాలం మేము బతికింది ఆమె చేతుల చలవే.

ఆ నీళ్లే యామినికి ఇచ్చింది. యామిని చెంబు అందుకోలేదు. "వద్దవ్వా, నా సీసా ఉండాది. మీరు కూడా తాగొద్దండి, వాసన పోయినా అంతా పోదు," అంది. మంచికే అంది. మా అత్త చెంబు వెనక్కి తీసుకొని లోపలికి పోయింది.

"ఆ పాప మన నీళ్లు తాగలా," అంది ఆ సాయంత్రం.

"నీళ్లల్లో పెట్రోలు ఉందత్తా, అందుకు," అన్నాను.

"నాకు తెలుసులే మే," అంది.

ఏం తెలుసో నాకు తెలిసింది. డెబ్బై ఏళ్లుగా ఆ చేతి నీళ్లు తాగని మనుషుల్ని చూసింది ఆమె. కలుపు తీసే చేలల్లో దోసిలి పట్టి, ఎత్తు నుంచి పోస్తే తాగింది. వద్దన్నవాళ్లందరూ ఏదో ఒక మర్యాదైన మాటే చెప్పి వద్దన్నారు. ఈసారి మాట నిజమైనదని నేనెంత చెప్పినా ఆమె చెవికి పాత మాటలాగే వినిపించింది.

ల్యాబువాళ్లు వచ్చే రోజు ఖాయమైంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు అందరికీ ప్రకటించారు: "మన పాళెం నీళ్లు జడ్జిగారి ముందుకు పోతాండాయి. అందరూ ప్రార్థన చేయండి." నేను లేచి, బోరును ఎవరూ ముట్టుకోవద్దని, పైపు నుంచే పట్టాలని, గాలి సోకకూడదని గొంతు చించుకొని చెప్పాను. అందరూ తలలూపారు. మా అత్త అందరికంటే ఎక్కువ ఊపింది.

ఆ రోజు పొద్దున్నే మా సూపర్‌వైజరు ఫోను చేసింది. మండలాఫీసులో మీటింగు, రాకపోతే మెమో ఇస్తానంది. అదే రోజు ఎందుకొచ్చిందో ఆ మీటింగు. ఓబుళేశు పెట్టించాడని నా అనుమానం. రుజువు లేదు. నాకు అనుమానం లేని రోజు లేదు, రుజువున్న రోజూ లేదు. మా ఆయన నెహెమ్యా లారీ మీద బయటికి పోయి ఉన్నాడు. ల్యాబువాళ్లు మధ్యాహ్నం దాటాక వస్తామన్నారు కదా, ఆలోగా వచ్చేస్తానని పోయాను. వాళ్లు ముందే వచ్చారు.

నేను లేనప్పుడు ఏం జరిగిందో తర్వాత పాస్టరుగారు చెప్పారు. వాళ్లు వచ్చేసరికి కరెంటు లేదు. లైను పని చేస్తున్నారట. చర్చి అరుగు మీద కూర్చున్నారు. ఓబుళేశు బండి మీద వచ్చి ఒక పక్కగా నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఎండ మాడుతోంది. డ్రైవరు ఇంకో ఊరు పోవాలని హారను కొడుతున్నాడు. ల్యాబు ఆయన విసిగిపోయి, "ఈ బోరువి పట్టి పెట్టిన నీళ్లేమన్నా ఉన్నాయా ఎవరింట్లో అయినా?" అని అడిగాడు.

మా అత్త అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలి గదిలోంచి రెండు ఇత్తడి బిందెలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పాస్టరుగారికి అవి బోరు నీళ్లని తెలుసు గానీ ఎప్పటివో తెలియదు; అడిగింది ల్యాబు ఆయనే కదా, అదీ పద్ధతేననుకున్నారట.

"బోరు నీళ్లేనా అమ్మా?" అని అడిగాడట ఆయన.

"బోరువే నాయనా. మాకు ఇంగేం నీళ్లుండాయి?" అందట.

అబద్ధం కాదు. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు, అదే నా కడుపు మండిస్తోంది.

నేను ఆటో దిగేసరికి సీసా మూతి మీద లక్క కారుతోంది. పక్కన మెరుస్తూ మా అత్త ఇత్తడి బిందెలున్నాయి. ట్యాంకరు వస్తున్నా సరే, ఆమె ముందురోజు బేసిన్లు ఎండలో ఎందుకు పెట్టిందో నేను అడగలేదు. అలవాటు కొద్దీ పెట్టిందనుకున్నాను.

"అత్తా, ఏ నీళ్లు పోసినావు?"

"మంచి నీళ్లే పోసినా మే," అంది. ముఖం వెలిగిపోతోంది. "నిన్నటి నుంచి ఎండబెట్టి, వడగట్టి పెట్టినా. సారు గూడా తాగినాడు. రెండు సెంబులు తాగినాడు మే, నా సేత్తో ఇస్తే."

ల్యాబు ఆయన మూతి తుడుచుకుంటూ, "నీళ్లు బాగున్నాయమ్మా" అన్నాడు.

నేను ఏమేం అరిచానో నాకే గుర్తు లేదు. సీసాలు పగలగొట్టబోయానట, పాస్టరుగారు పట్టుకున్నారట. ఆ నీళ్లు కాదు, కరెంటు వచ్చాక పైపు నుంచి పట్టండి సార్ అని కాళ్లు పట్టుకున్నాను. సీలు వేశాక తీయడానికి నాకు అధికారం లేదన్నాడు ఆయన. బోరు నీళ్లేనని సంఘం తరఫున పెద్దామె సంతకం పెట్టిందన్నాడు. పెట్టింది మరి. మిషన్ బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, వి నుంచి మ్మ దాకా ఒక్కటీ తప్పకుండా పెట్టింది.

ఓబుళేశు అప్పుడు నోరు విప్పాడు. మెత్తగా, నాకు సాయం చేస్తున్నట్టు అన్నాడు: "మీ అత్త అబద్ధం సెప్పిందంటావా టీచరమ్మా? అట్లయితే సెప్పు, రాసుకుంటారు."

నేను మా అత్త వైపు చూశాను. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. బిందె మీద చెయ్యి పెట్టుకొని నన్ను చూస్తోంది. అబద్ధం చెప్పిందని నేను రాయించలేదు. జీపు వెళ్లిపోయింది.

ఇంట్లోకి పోయాక అడిగాను, ఎందుకు పోశావని.

"జడ్జి సారు తాగి సూస్తాడనుకొన్న్యా," అంది.

"జడ్జి తాగుతాడా? ఎవరు చెప్పినారు నీకు?"

"ఆయన ముందర పెడతారంటిరి గదా. ముందర పెడితే తాగడా? మన పాళెం నీళ్లు జడ్జి కాడికి పోతాంటే గబ్బు నీళ్లు ఎట్ల పంపేది మే? మాదిగోళ్ల నీళ్లు ఇట్లుంటాయా అనడా?"

"గబ్బు నీళ్లని తెలియడానికే కదత్తా పంపేది," అన్నాను. అని, ఇంకొక మాట కూడా అన్నాను. "మమ్మల్నందర్నీ చంపినావు," అన్నాను. ఆమె కూలబడిపోయింది. నేను లేపలేదు.

యామినికి ఫోను చేస్తే కడపలో ఉంది, ఏదో పని మీద. అంతా వింది. "ఎండబెట్టిన నీళ్లలో ఏమీ దొరకదక్కా," అంది. మళ్లీ పట్టించమని ఆమె రాసింది, లాయరమ్మ అడిగింది. పంచనామా పద్ధతిగా జరిగింది, పిటిషను వేసినవాళ్లే నీళ్లిచ్చారు, ఇష్టమొచ్చిన ఫలితం వచ్చేదాకా పరీక్షలు చేయిస్తూ పోతారా అని అవతలివాళ్లు అడిగారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. ఫలితం వచ్చింది. అన్నీ పరిమితి లోపలే, వాసన లేదు, తాగడానికి పనికొస్తాయి. పిటిషన్ కొట్టేశారు.

మర్నాటి నుంచి ట్యాంకరు రాలేదు. నీళ్లు బాగుంటే ట్యాంకరు దండగ కదా. సూపర్‌వైజరు వచ్చి, బోరు నీళ్లతోనే వండాలని, ప్రభుత్వం బాగున్నాయని చెప్పిన నీళ్ల మీద పుకార్లు పుట్టిస్తే ఉద్యోగం పోతుందని చెప్పిపోయింది. నేను మైళ్ల దూరం నుంచి బిందెలు మోసి పిల్లలకు వండాను. ఎన్నాళ్లని మోస్తాను? నడుము పట్టేసింది. ఒక రోజు బోరు నీళ్లతోనే వండాను. పిల్లలు తిన్నారు. మోటారుసైకిలు వాసన గురించి ఇప్పుడు ఎవరూ అనడం లేదు. అలవాటైపోయింది వాళ్లకు. ఆ రోజు పిల్లల చేతులు కడిగి ఇంటికొచ్చి నేను చేసిన పని, అన్నం మానెయ్యడం. నేను మానేస్తే ఎవరికి లెక్క.

మా అత్త బేసిన్లు బోర్లించేసింది. ఎండబెట్టడం లేదు, వడకట్టడం లేదు. బోరు నుంచి వచ్చిన నీళ్లు వచ్చినట్టే, పైన పొరతో సహా తాగడం మొదలుపెట్టింది. వద్దంటే వినదు. చెంబు లాక్కుంటే ఇంకో చెంబు ముంచుకుంటుంది. తాగి కక్కుకుంటుంది. కక్కుకొని మళ్లీ తాగుతుంది. "మీరు తాగేదే నేను తాగుతాండా," అంటుంది. నాకు ఆమె మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. పోయాక మిగిలింది కోపం కంటే అన్యాయంగా ఉంది.

ఒక రోజు నన్ను పిలిచింది. "నన్ను పెద్దాఫీసుకు తీసకపో మే. నేను పోసినవి ఎండబెట్టిన నీళ్లని నా నోటితో సెప్తా. అసలు నీళ్లు ఇవీ అని సూపిస్తా. జైల్లో పెడితే పెట్టనీ."

కలెక్టరు అర్జీలు తీసుకునే సోమవారం నాడు బయలుదేరాం. తెల్లారి మోటారు వేయగానే వచ్చే మొదటి నీళ్లు అన్నిటికంటే ఘోరంగా ఉంటాయి. ఆ నీళ్లే పట్టింది. ఈసారి ఆమే పైపుకు సీసా ఆనించి, అంచుదాకా నింపి, బుడగ లేకుండా మూత బిగించింది. చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. బస్సులో సీసాను చీర కుచ్చిళ్ల మధ్య పెట్టుకొని కూర్చుంది.

జిల్లా ఆఫీసు గేటు దగ్గర పెద్ద లైను ఉంది. పోలీసులు ఒక్కొక్కరి సంచీ వెతికి లోపలికి పంపుతున్నారు. న్యాయం జరగక విసిగిపోయినవాళ్లు పెట్రోలు తెచ్చుకొని మీద పోసుకుంటున్నారని, సీసాలన్నీ మూత తీసి వాసన చూస్తున్నారు. మా వంతు వచ్చింది. కానిస్టేబులు పేరు ఉరుకుందప్ప అని చొక్కా మీద ఉంది. మా అత్త చేతిలోని సీసా తీసుకొని, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చప్పున దూరంగా పట్టుకున్నాడు.

"అవ్వా, ఏందిది?"

"నీళ్లు నాయనా."

"ఇవి నీళ్లా? పెట్రోలు ఇది." ఒక ఆడ కానిస్టేబులు వచ్చి మా అత్త రెండు చేతులూ పట్టుకుంది. లైనులో వాళ్లు వెనక్కి జరిగారు.

ఇన్నాళ్లకు ఒక ప్రభుత్వం మనిషి ఆ మాట అన్నాడు.

"అవును సార్, పెట్రోలే," అన్నాను. "రాయండి సార్. పెట్రోలు పట్టుకున్నామని రాయండి. సీసాకు సీలు వేసి పరీక్షకు పంపండి. మా అత్త మీద కేసు పెట్టండి, నా మీద పెట్టండి. మీ కాళ్లకు దండం పెడతాను, కేసు పెట్టండి."

అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నేను ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పాను, బోరు, బంకు, బిందెలు, జడ్జి, అన్నీ. ఏం విన్నాడో, ఎంత అర్థమైందో తెలియదు. మా అత్త వైపే చూస్తున్నాడు. ఆమె కాళ్లకు చెప్పులు లేవు.

"ఎంత కష్టమొచ్చినా ఈ పని సెయ్యగూడదవ్వా," అన్నాడు మెల్లగా. "మాయమ్మ వయసుండాది నీకు. కేసంటే ఏమనుకున్నావ్? ఈ వయసులో కోర్టుల సుట్టూ తిరగగలవా?"

"తిరుగుతా నాయనా. రాయి," అంది మా అత్త.

అతను అటూ ఇటూ చూశాడు. నేను చెయ్యి చాపేలోగా సీసాను గేటు పక్క కాలువలోకి వంచేశాడు. గుడగుడమని మొత్తం పోయింది. నేను మీద పడ్డాను, ఆడ కానిస్టేబులు నన్ను లాగింది. అతను కొళాయి దగ్గరికి పోయి సీసాను బాగా కడిగాడు. నీడలో పెట్టిన క్యాను నుంచి చల్లటి నీళ్లు నింపుకొచ్చి మా అత్త చేతిలో పెట్టాడు.

లోపల మెట్ల మీద నుంచి ఎస్సై కేకేశాడు. "ఏందప్పా ఆడ గొడవ? ఏం దొరికింది?"

"ఏం లేదు సార్," అన్నాడు ఉరుకుందప్ప. "నీళ్లే."

తర్వాత మా అత్త వైపు వంగి, "తాగవ్వా, ఎండన పడి వచ్చినావు," అన్నాడు. ఆమె సీసా ఎత్తి తాగింది. సగం తాగి, కొంగుతో మూతి తుడుచుకొని, అతని తల మీద చెయ్యి పెట్టింది. "సల్లగుండు నాయనా," అంది.

నేను కాలువ గట్టు మీద కూలబడి ఏడ్చాను. ముసలామెకు కేసు తప్పిందని సంతోషంతో ఏడుస్తున్నాననుకుందో ఏమో, లైనులో ఉన్న ఎవరో ఒకావిడ వచ్చి నా భుజం తట్టింది.